పెట్టె మీద అంకె, కర్రలో సత్తా

పుదుచ్చేరి పట్టణంలో గాలం వేసేవారికి ఇసుక తీరం కంటే రాతి తీరమే ఎక్కువ పరిచయం. 1980ల చివర్లో అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట ఓడరేవు కోసం అడ్డుగోడలు కట్టిన తరువాత, ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కెరటాల వెంట సాగిపోయే ఇసుక అక్కడే నిలిచిపోయింది; దాంతో పట్టణం ముందున్న తీరం కోతకు గురై, దాన్ని కాపాడుకోవడానికి బీచ్ రోడ్డు పొడవునా, ఆపైన ఉత్తరాన ఉన్న జాలరి పేటల వరకూ పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చవలసి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన నీటి అడుగు దిబ్బ వల్ల గాంధీ విగ్రహం పరిసరాల్లో కొంత మేర ఇసుక తిరిగి చేరినా, మిగిలిన చోట్ల గాలం పట్టినవారు నిలబడేది రాళ్ల మీదే. అటువంటి చోట గాలపు కర్ర ఎరను రాళ్ల వరుస దాటించి విసరగలగాలి, పడిన చేపను రాళ్ల సందుల్లోకి దూరనివ్వకుండా ఆపగలగాలి, దారం రాతి అంచులకు ఒరుసుకున్నా తట్టుకోవాలి, ఇవన్నీ నిత్యం ఉప్పు తుంపరలో తడుస్తూనే జరగాలి.

ఈ పనుల్లో ఏ ఒక్కదాని గురించీ దుకాణంలో కనబడే పెట్టె మీద నేరుగా రాసి ఉండదు. పెట్టె మీద ఉండేవి వేరే అంకెలు: కర్రలో 99 శాతం కార్బన్, 30 టన్నుల కార్బన్, రీలులో పదమూడు బాల్ బేరింగులు, పదిహేను కిలోల డ్రాగ్, అదృశ్యమైపోయే దారం. వీటిలో కొన్ని అబద్ధాలు, కొన్ని సగం నిజాలు, చాలావరకు నిజమే అయినా కొనేవాడికి అక్కరలేని సంగతులు. ముడిసరుకు గుణాన్ని పనిముట్టు గుణంగా చూపడమే ఈ ప్రకటనల అసలు కిటుకు. ఆ తెర తొలగించడానికి ప్రయోగశాల అవసరం లేదు. నీళ్లు, చిన్న త్రాసు, ఒక స్కేలు, కొంచెం ఓపిక చాలు. సొంతంగా కర్ర తయారు చేసుకునేవారికి ఈ సంగతి త్వరగా బోధపడుతుంది, ఎందుకంటే తయారీలో ప్రతి భాగాన్నీ విడిగా చేతిలోకి తీసుకుని చూడక తప్పదు.

గాలం వేయడాన్ని శాస్త్రంగా పరిశీలించడం మన నేలకు కొత్త కాదు. నేటి తెలంగాణలో అధిక భాగాన్ని కూడా ఏలిన కల్యాణి చాళుక్య వంశపు రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన ‘మానసోల్లాస’ అనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదం పేరుతో ఒక ప్రకరణమే ఉంది. అందులో చేపల జాతులు, వాటికి తగిన ఎరలు, గాలం వేసే పద్ధతులు వివరంగా చర్చకు వస్తాయి. బ్రిటిష్ పాలనలో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించి ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ ప్రచురించాడు. మన వెదురు మాత్రం అంతకు ముందే సముద్రాలు దాటింది. 19వ శతాబ్దం మధ్యలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో శామ్యూల్ ఫిలిప్పీ వంటి పనివారు వెదురును నిలువుగా బద్దలుగా చీల్చి, ఆ బద్దలను జిగురుతో అతికించి కర్రలు చేయడం మొదలుపెట్టినప్పుడు, వారు వాడినది కలకత్తా రేవు నుంచి వెళ్లిన వెదురే. అది మన సాధన వెదురు జాతికి చెందినదని సాధారణంగా భావిస్తారు. దానిపై తరచుగా కాల్పు మచ్చలు ఉండేవి, ఆ మచ్చల దగ్గర పోగులు బలహీనపడేవి. 20వ శతాబ్దం వచ్చేసరికి దక్షిణ చైనా నుంచి వచ్చే టాంకిన్ వెదురు దాని స్థానాన్ని ఆక్రమించింది.

వెదురు బద్దను అడ్డంగా కోసి చూస్తే, పై తొక్కకు దగ్గరగా పోగులు ఒత్తుగా, లోపలికి పోయేకొద్దీ పలుచగా కనిపిస్తాయి. కర్ర వంగినప్పుడు అత్యధిక ఒత్తిడి పడేది వెలుపలి పొరపైనే కాబట్టి, ప్రకృతి బలాన్ని అవసరమైన చోటే పెట్టింది. తరువాత వచ్చిన గాజు పోగు, కార్బన్ కర్రలు కూడా బోలు గొట్టాలుగా ఉండటానికి కారణం ఇదే. 1940ల చివర్లో అమెరికాలో షేక్స్‌పియర్ సంస్థ గాజు పోగు కర్రలను అమ్మకానికి తెచ్చింది. 1950లో చైనా సరుకుపై అమెరికా నిషేధం విధించడంతో టాంకిన్ వెదురు రాక ఆగి, గాజు పోగుకు దారి మరింత సుగమమైంది. 1960లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో బలమైన కార్బన్ పోగు తయారీ విధానం రూపొందగా, 1973లో ఫెన్విక్ సంస్థ కార్బన్ కర్రలను మార్కెట్లోకి తెచ్చింది.

కార్బన్ గురించిన అంకెలను అర్థం చేసుకోవాలంటే రెండు గుణాలను వేరుచేసి చూడాలి. ఒకటి బిగువు, అంటే లాగినప్పుడు సాగకుండా నిలిచే గుణం. పాఠ్యపుస్తకాల్లో దీన్నే స్థితిస్థాపక గుణకం అంటారు. రెండోది బలం, అంటే తెగిపోయే ముందు ఎంత లాగుడు తట్టుకుంటుందన్నది. 24 టన్నులు, 30 టన్నులు, 40 టన్నులు అని కర్ర మీద రాసేది మొదటి గుణాన్ని, చదరపు మిల్లీమీటరుకు టన్నుల లెక్కన. కర్ర ఎన్ని టన్నులు మోస్తుందని దాని అర్థం కాదు. బిగువు పెరిగితే అదే పనికి తక్కువ పోగు సరిపోతుంది, కర్ర తేలికవుతుంది, కానీ గోడ పలుచనై రాతికి తగిలితే పగిలే ప్రమాదం పెరుగుతుంది. పోగు పేరులో పెద్ద సంఖ్య ఉన్నంత మాత్రాన బిగువు పెరగదనడానికి జపాన్ సంస్థ తోరే తయారుచేసే రెండు పోగులే సాక్ష్యం: టీ300, టీ700 అనే ఈ రెండింటి బిగువు దాదాపు ఒకటే, సుమారు 230 గిగాపాస్కల్, తేడా ఉన్నది బలంలో, మొదటిది దాదాపు 3,500 మెగాపాస్కల్, రెండవది 4,900. అలాగే ఐఎం6, ఐఎం7, ఐఎం8 అనేవి హెక్సెల్ అనే ఒక సంస్థ తన పోగులకు పెట్టుకున్న పేర్లు మాత్రమే, పరిశ్రమ అంతా ఒప్పుకున్న శ్రేణులు కావు. అయినా ఆ అక్షరాలు ఎవరెవరి కర్రల మీదో కనిపిస్తుంటాయి.

ఇక 99 శాతం కార్బన్ అన్న మాట. పూర్తయిన కర్రలో పోగులతో పాటు వాటిని పట్టి ఉంచే రెజిన్ అనే జిగురు పదార్థం కూడా ఉంటుంది, మొత్తం బరువులో సుమారు మూడో వంతు దాకా. కాబట్టి కర్ర మొత్తంలో 99 శాతం కార్బన్ ఉండటం అసాధ్యం. వాడిన పోగు గుడ్డలో 99 శాతం కార్బన్‌ది, మిగిలిన ఒక శాతం గాజు పోగుది అన్నదే ఆ అంకెకు చెప్పుకోగల అర్థం. నిజానికి రాతి తీరంలో కొంచెం గాజు పోగు కలిసిన కర్రే మేలు, ఎందుకంటే అది బరువైనా దెబ్బను ఓర్చుకుంటుంది. ప్రకటన లోపంగా చూపే గుణం పుదుచ్చేరి రాళ్ల మీద ఉపకారి అవుతుంది.

మరి కర్ర సత్తాను కొలిచేదెలా? లైట్, మీడియం, హెవీ అనే మాటలకు అన్ని సంస్థలకూ వర్తించే ప్రమాణం లేదు. ఒకరి మీడియం మరొకరి హెవీ కావచ్చు. ఈ చిక్కును విప్పడానికి అమెరికాకు చెందిన డాక్టర్ విలియం హ్యానెమన్ 2003లో ‘రాడ్ మేకర్’ పత్రికలో ఒక సులువైన పద్ధతిని ప్రతిపాదించాడు. కర్ర పిడిని బల్లకు బిగించి, కర్రను నేలకు సమాంతరంగా ఉంచి, కొన నుంచి చిన్న సంచిని వేలాడదీసి, కర్ర పొడవులో మూడో వంతు మేర కొన కిందికి దిగేవరకు అందులో ఒక్కొక్కటిగా సెంట్ నాణేలు వేస్తూ పోవాలి. పట్టిన నాణేల సంఖ్య కర్ర శక్తిని చెబుతుంది. ఆ స్థితిలో కొన నేలకు సమాంతర రేఖతో చేసే కోణం కర్ర ఎక్కడ వంగుతోందో చెబుతుంది. కోణం 66 డిగ్రీలు దాటితే వంపు కొన దగ్గరే ఉందని, అంటే అది చురుకైన కర్ర అని, 59 కంటే తక్కువైతే వంపు పిడి దాకా పాకే మెత్తని కర్ర అని ఆయన వర్గీకరణ.

ఈ పద్ధతిలో ఉన్న అందం నాణెంలోనే ఉంది: అమెరికా సెంట్ బరువు దశాబ్దాలుగా 2.5 గ్రాములే. మన రూపాయితో అది కుదరదు, ఎందుకంటే 2011 శ్రేణి రూపాయి నాణెం 3.79 గ్రాములు కాగా 2019 శ్రేణిది 3.09 గ్రాములు; రెండూ కలిపి వేస్తే లెక్క తప్పుతుంది. నాణేలకు బదులు నీళ్లు వాడటం మనకు మేలు. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము కాబట్టి, కొనకు తేలికపాటి ప్లాస్టిక్ సీసా కట్టి, మందుల దుకాణంలో దొరికే సిరంజితో నీళ్లు పోస్తూ పోతే, సీసా బరువు కలిపిన మొత్తం నేరుగా గ్రాముల్లో వస్తుంది. 210 సెంటీమీటర్ల కర్ర అయితే కొన 70 సెంటీమీటర్లు దిగే వరకు పోయాలి. రెండు కర్రలను ఇలా పరీక్షిస్తే, ఏది ఎంత గట్టిదో పెట్టె ఏమి చెప్పినా చెప్పకపోయినా తేలిపోతుంది. ఈ ఒక్క కొలతను పెట్టె మీద ముద్రించడం తయారీదారులకు ఏమంత కష్టం కాదు. అది లేకపోవడం కొనేవారికి జరుగుతున్న అన్యాయమే.

కర్ర తయారీ అంటే ఇంట్లో కార్బన్ పోగులు చుట్టడం కాదు. పిడి, రింగులు లేని ఖాళీ గొట్టాన్ని బ్లాంక్ అంటారు. దాన్ని కొని, రీలు కూర్చునే అమరికను, బెండు లేదా ఈవీఏ నురుగు పిడిని అతికించి, దారం పోయే రింగులను నూలు చుట్టి బిగించి, పైన ఎపాక్సీ పూత పూయడమే తయారీ. పోగు గుడ్డను ఇనుప కడ్డీ చుట్టూ చుట్టినప్పుడు అంచులు ఒకదానిపై ఒకటి పడటం వల్ల బ్లాంక్ అన్ని వైపులా ఒకే విధంగా వంగదు. మొదలును బల్లపై ఆనించి, కొనను చేత్తో వంచి, వేళ్ల మధ్య మెల్లగా తిప్పితే ఒక చోట అది తనంతట తాను గెంతి స్థిరపడుతుంది. ఆ దిశను స్పైన్ అంటారు. రింగులను ఆ దిశ ప్రకారమే కట్టాలని ఒక వాదం, బ్లాంక్ నిటారుగా కనిపించే దిశలో కట్టాలని మరో వాదం. కట్టిన తరువాత బరువు పడినప్పుడు కర్ర ఎటు మెలి తిరుగుతుందో నిర్ణయించేది స్పైన్ కంటే రింగులు పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నదే కాబట్టి, కంటికి నిటారుగా కనిపించే దిశనే ఎంచుకోవడం సబబు.

రింగుల మధ్య దూరానికి ముద్రిత పట్టికలు ఉంటాయి గాని, పట్టికను గుడ్డిగా అనుసరించడం కంటే కర్రనే అడగడం మంచిది. రింగులను మొదట టేపుతో తాత్కాలికంగా అంటించి, దారం ఎక్కించి, కొనకు బరువు కట్టి కర్రను వంచాలి. దారం కర్ర వంపును అనుసరిస్తూ మెత్తగా సాగితే సరే. రెండు రింగుల మధ్య అది తాడులా నేరుగా నిలబడి కర్రకు దూరమైతే అక్కడ మరో రింగు కావాలి, లేదా ఉన్నవాటిని జరపాలి. చుట్టే ముందు రింగు పాదాల కొనలను ఆకురాయితో పలుచగా అరగదీయాలి, లేకపోతే కర్ర వంగినప్పుడల్లా ఆ మొన బ్లాంక్ పోగులను కొరుకుతూ ఉంటుంది. కొత్తగా కొన్న కర్రలోనూ ఈ లోపం ఉందేమో చూడవచ్చు: చుట్టు ఆరంభమయ్యే చోట పూతలో సన్నని పగులు కనిపిస్తే, లోపల పాదం కదులుతోందని అనుమానించాలి.

ఎపాక్సీ పూయడంలో పుదుచ్చేరి గాలి ఒక ప్రత్యేక సమస్య తెచ్చిపెడుతుంది. రెండు ద్రవాలను సమాన కొలతలో కలిపితే గట్టిపడే ఈ పూత ఆరే సమయంలో, గట్టిపరిచే ద్రవంలోని అమైన్లు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడుతో చర్య జరిపితే పైన మైనం లాంటి జిడ్డు పొర ఏర్పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో, సముద్రపు గాలి తగిలే గదిలో ఇది సులభంగా జరుగుతుంది. తలుపులు మూసి, వీలైతే ఏసీ గదిలో పని చేసి, కొలతను కంటితో కాక సిరంజితో తీసుకుంటే పూత స్వచ్ఛంగా వస్తుంది. పూత ఒక పక్కకు జారకుండా కర్ర గంటల తరబడి మెల్లగా తిరుగుతూ ఉండాలి. అందుకు మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే చిన్న మోటారును చాలామంది వాడతారు.

ఉప్పు తీరంలో కర్ర కంటే ముందు పాడయ్యేవి రింగులు. ఇనుప చట్రం తుప్పు పడుతుంది, లోపలి పింగాణీ వలయం రాయికి తగిలి కంటికి కనిపించనంత సన్నగా చీలుతుంది, ఆ చీలిక దారాన్ని ప్రతి విసురులోనూ చీరుతుంది. చెవి శుభ్రం చేసే దూదిపుల్లను ప్రతి వలయం లోపల ఒకసారి తిప్పితే చాలు. చీలిక ఉన్న చోట దూది పోగు చిక్కుకుని నిలబడుతుంది. కొత్త కర్ర కొనేటప్పుడు దుకాణంలోనే ఈ పరీక్ష చేసుకోవచ్చు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పనవసరం లేదు.

రీలు ప్రకటనల్లో బేరింగుల సంఖ్య తరువాత ఎక్కువగా వినిపించేది డ్రాగ్. చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా కండెను జారనిచ్చే బ్రేకును డ్రాగ్ అంటారు. పదిహేను కిలోల డ్రాగ్ వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ 210 సెంటీమీటర్ల కర్ర బాగా వంగినప్పుడు దారం లాగే చోటు పొట్టకు ఆనిన మొదలు నుంచి సుమారు 120 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ముందు చేయి పట్టుకునేది 40 సెంటీమీటర్ల దగ్గర. తులాదండ సూత్రం ప్రకారం చేప మూడు కిలోలు లాగితే చేతి మీద పడేది తొమ్మిది కిలోలు, పది కిలోలు లాగితే ముప్ఫై, పదిహేను కిలోలు లాగితే నలభై అయిదు. జారుడు రాళ్ల మీద నిలబడి ఆ భారాన్ని ఓపగలవారు అరుదు. పైగా దారం బయటికి పోయేకొద్దీ కండె చుట్టుకొలత తగ్గి డ్రాగ్ దానంతటదే పెరుగుతుంది: నిండు కండె వ్యాసార్థం 25 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు రెండు కిలోలకు సరిచేస్తే, అది 20 మిల్లీమీటర్లకు తగ్గేసరికి రెండున్నర కిలోలవుతుంది. కొనేవారు చూడవలసింది గరిష్ఠ అంకె కాదు. దారాన్ని స్ప్రింగు త్రాసుకు కట్టి మెల్లగా లాగినప్పుడు ముల్లు ఎగిరెగిరి పడకుండా ఒకే చోట నిలుస్తోందా అన్నది. తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య డ్రాగ్ పెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ అతిశయోక్తి కనిపించేది దారం పెట్టెల మీద. పుదుచ్చేరి జాలరులు తంగూసి అని పిలిచే ఒంటి పోగు నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, తడిస్తే పదో వంతుకు పైగా బలం కోల్పోవచ్చు. అందుకే 1939లో ఏర్పడిన అంతర్జాతీయ క్రీడా మత్స్య సంఘం రికార్డుల కోసం దారాన్ని తడిపే పరీక్షిస్తుంది. నీటిలో కనబడదని అమ్మే ఫ్లోరోకార్బన్ వక్రీభవన గుణకం సుమారు 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.53, కాబట్టి అది నైలాన్ కంటే తక్కువగా కనబడుతుందన్నది నిజం, కనబడదన్నది నిజం కాదు.

అనేక సన్నని పాలిథిలీన్ పోగులను జడలా అల్లిన దారం విషయంలో ఒక చక్కని లెక్క ఉంది. జపాన్ ప్రమాణంలో పీఈ 1 అంటే 200 డెనియర్లు, అంటే 9,000 మీటర్ల దారం 200 గ్రాములు తూగాలి. ఆ లెక్కన పీఈ 2 దారం 150 మీటర్లు దాదాపు 6.7 గ్రాములు. నగల దుకాణంలో వాడే రకం చిన్న త్రాసుపై కండెను దారం ఎక్కించక ముందు, ఎక్కించిన తరువాత తూచి చూస్తే, దారం చెప్పినంత సన్నదా కాదా బయటపడుతుంది. ఇక బలం: మేలైన ఈ జాతి పోగు డెనియరుకు సుమారు 40 గ్రాములు, అత్యుత్తమమైనది 50కి చేరువగా మోస్తుంది. 400 డెనియర్ల పీఈ 2 దారం అల్లికలో ఏమీ నష్టపోకపోయినా 16 నుంచి 20 కిలోలకు మించి ఆగదు. అదే మందానికి 27 కిలోలని పెట్టె చెబితే, దారం చెప్పినదానికంటే లావుగానైనా ఉండాలి, చెప్పిన బలమైనా లేకపోయి ఉండాలి. ముడి వేసిన దారానికి బకెట్ కట్టి, ఇసుక మీద జానెడు ఎత్తులో వేలాడదీసి, లీటరు లీటరుగా నీళ్లు పోస్తే ముడితో సహా అసలు బలం తేలుతుంది.

ఇలాంటి తేడా దొరికినప్పుడు కొనుగోలుదారు నిస్సహాయుడు కాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిర్వచించి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు తయారీదారుపై పది లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించే అధికారం ఇచ్చింది. బిల్లు, పెట్టె, తూకం వేసిన ఫొటో భద్రపరచుకుని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

పుదుచ్చేరి రాళ్ల మీద మాత్రం కొలతలన్నీ సరిగ్గా ఉన్న అల్లిక దారం కూడా ఒంటరిగా నిలవదు, ఎందుకంటే బిగిసి ఉన్న సన్నని పోగులను నల్లరాతి అంచు ఒక్క ఒరుపుతో తెంపగలదు. అందుకే దాని చివర లావైన ఒంటి పోగు దారాన్ని, చేప రాళ్ల దగ్గరికి వచ్చేసరికి రాతి వరుస మొత్తం మీద అదే ఉండేంత పొడవున ముడి వేస్తారు. పార చేప గాని పండుగప్ప గాని ఒకసారి రాళ్ల మధ్య ఈడ్చిన తరువాత ఆ భాగాన్ని గోటితో నిమిరి, గరుకు తగిలిన చోట కోసి, మళ్లీ ముడి వేయాలి. బడ్జెట్ పరిమితంగా ఉన్నవారు డబ్బును మొదట ఈ దారం మీద, తరువాత మంచి రింగుల మీద పెట్టి, మిగిలినది కర్రకు కేటాయించి, బేరింగుల సంఖ్యను పట్టించుకోకపోయినా నష్టమేమీ లేదు.